నీళ్లు ఎవరివి

హోటల్ వాళ్లు పిల్లల్ని చూసుకోవడానికి ఆయా కావాలా అని అడిగినట్టున్నారు. బావ ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంటూ, "అక్కర్లేదండీ, మాతో ఒకరు వస్తున్నారు" అన్నాడు. ఆ ఒకరు, ఆయన మరదలు, పిల్లలకు పిన్ని, బల్లకు అవతలి వైపే కూర్చుని, బుడ్డోడి ఈత కళ్లజోడుకు తెగిపోయిన రబ్బరు పట్టీ తీసి కొత్తది ఎక్కిస్తోంది. సన్నటి సందులోంచి పట్టీని దూర్చి, వెనక్కి మడిచి, కొసను పళ్లతో పట్టుకుని లాగాలి. పిన్ని పళ్లతో పట్టుకునే ఉంది గాని లాగడం మరిచిపోయింది.

అది ఎవరి కంటా పడలేదు. అక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పడవల బొమ్మలు చూస్తోంది. పిల్లల్లో పెద్దది నేల మీద బోర్లా పడుకుని తాబేలు బొమ్మకు రంగులు వేస్తోంది. బుడ్డోడు కుర్చీ మీంచి నేల మీదకు దూకుతూ, ప్రతి దూకుడుకూ తనే చప్పట్లు కొట్టుకుంటున్నాడు. బావ ఫోను పెట్టేసి, పని చక్కబెట్టిన మొహంతో కాఫీ కప్పు దగ్గరికి లాక్కున్నాడు.

అసలు సెలవులకు వెళ్లబోతున్న ఆ ఊరు పిన్నిది, వెతికి పట్టుకున్నది ఆమే. థాయ్ తీరంలో, రాత్రంతా మోగే సంగీతాలూ ఆకాశాన్నంటే హోటళ్లూ లేని చిన్న ఊరు. వంపు తిరిగిన ఒడ్డు, అలలు పెద్దగా లేవని నీళ్లు, ఒడ్డుకు ఎదురుగా ఒక రాతి దిబ్బ. పొద్దున గాలి లేవకముందు ఈత బాగా వచ్చినవాళ్లు ఆ దిబ్బ దాకా ఈదుకుంటూ వెళ్లి, కాసేపు దాని మీద కూర్చుని తిరిగి వస్తారట. పిన్ని ఆ దిబ్బ ఫోటోను ఫోన్లో దాచుకుని, బస్సులో తీసి చూసుకునేది. ఒకరోజు అక్క చూసి, "ఒక్కదానివే ఏం వెళ్తావే, అందరం వెళ్దాం" అంది. పిన్ని సంబరపడిపోయింది. ఆ సంబరం నిజమైనదే, అందులో అబద్ధం లేదు. పిల్లలకు సముద్రం చూపించడమంటే ఆమెకు మాత్రం సరదా కాదా.

ఆనాటి నుంచి ఊరు మెల్లమెల్లగా చేతులు మారింది. ఇప్పుడు ప్రయాణం ఏర్పాట్లు అక్క చదువుతోంది, బావ తల ఊపుతున్నాడు. సముద్రం కనబడే పైగది వాళ్లిద్దరిదీ. తోట వైపున్న కింది గదిలో మూడు మంచాలు, అది పిన్నిదీ పిల్లలదీ. అందులో పిన్నికి అభ్యంతరం లేదు. ఒకరోజు పడవ మీద దూరపు దీవికి పోవడం ఉంది, చిన్నపిల్లల్ని ఎక్కించుకోరట కనుక అది అక్కాబావలకే. ఒళ్లు పట్టించుకోవడం ఇంకో మధ్యాహ్నం. దీపాలు పెట్టిన రెస్టారెంటులో భోజనం ఒక సాయంత్రం. ఒక్కోటి చదివినప్పుడల్లా అక్క చివర్లో చెయ్యి గాల్లో తిప్పి, "పిల్లలకేం, పిన్ని ఉంది కదా" అంటోంది. కూరలో ఉప్పు వేసినంత మామూలుగా అంటోంది.

పిన్ని పట్టీ లాగి బిగించింది. మరి పొద్దున పూటల సంగతేమిటని అడిగింది.

"పొద్దునా?" అన్నాడు బావ. "పొద్దున వీళ్లు కోళ్ల కంటే ముందు లేస్తారు. నువ్వెలాగూ చీకటితోనే లేచే మనిషివి. మేం కాస్త ఆలస్యంగా లేస్తాం. ఏం చేపపిల్లా, సముద్రం పక్కనుంటే నీకింకేం కావాలి?"

అక్క తెర మీంచి కళ్లు ఎత్తకుండానే, "దానికి అలవాటేలెండి" అంది.

పిన్ని కళ్లజోడు బుడ్డోడి తలకు తగిలించి, చెవుల వెనక బిగుతు సరిచూసింది. వాడు దాంతోనే కుర్చీ ఎక్కి మళ్లీ దూకాడు. ఆమె చెయ్యి దానంతటదే సాగి వాడి వీపు వెనక నిలబడింది. దూకేవాడికి ఒక చెయ్యి అవసరమని ఆ గదిలో ఇంకెవరికీ తోచలేదు.

*

పిన్ని పనిచేసేది తాముండే ఊళ్లోని పబ్లిక్ ఈత కొలనులో, కాపలా మనిషిగా. అక్కడి పిల్లలు ఆమెను ఈల టీచర్ అంటారు. పొద్దున్నే వచ్చి పొడుగు కర్ర వలతో నీటి మీద తేలే ఆకులూ వెంట్రుకలూ తియ్యాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, వెలుగుకు ఎత్తి రంగు చూడాలి. లోతు మొదలయ్యే చోట అడ్డంగా కట్టిన తాడు వదులైతే బిగించాలి. తర్వాత మునిగేవాళ్లను తేల్చి పట్టే ఎర్ర ఫోము గొట్టం భుజాన వేసుకుని ఎత్తు కుర్చీ ఎక్కడం, ఇక కళ్లతోనే పని. ఈ మూల నుంచి ఆ మూలకూ, పైనుంచి అడుగుకూ చూపు తిప్పుతూనే ఉండాలి. కాపలా వాళ్లు డ్యూటీలో ఈదకూడదు. డ్యూటీ అయ్యేసరికి కొలను జనంతో కిక్కిరిసి ఉంటుంది. అలా నీళ్ల పక్కనే బతుకుతూ, తనకోసం చెయ్యి చాచి ఈదిన సందర్భం ఏదో పిన్ని వెతుక్కోవలసి వస్తుంది.

కాపలా చేతులు మారడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. దిగేవాళ్లు ఎర్ర గొట్టం చేతికిచ్చి "నీళ్లు నీవి" అంటారు. ఎక్కేవాళ్లు కొలను చుట్టూ ఒక్కసారి నడిచి తలలన్నీ చూసుకుని, "నీళ్లు నావి" అంటారు. ఆ మాట వినబడేదాకా దిగేవాళ్లు చూపు తిప్పకూడదు, కాలు కదపకూడదు. సరే అంటే చెల్లదు, తల ఊపినా చెల్లదు. మధ్యలో ఒక్క క్షణం కూడా నీళ్లు ఎవరివీ కాకుండా ఉండకూడదన్నదే అందులో సంగతి. అక్క పిల్లలకు ఇది ఆట. స్నానాల గదిలో తొట్టి దగ్గర కూడా, "నీళ్లు నీవి", "నీళ్లు నావి" అనుకున్నాకే ఒకళ్లు బయటికి వస్తారు.

ఆరోజు మధ్యాహ్నం ఒక పెద్దమనిషి కొడుకును నీళ్లలోకి దింపి, తను బెంచీ మీద చేరగిలబడి ఫోన్లో మునిగిపోయాడు. పిల్లాడు గోడ పట్టుకుని జరుగుతూ జరుగుతూ తాడు కిందుగా లోతు వైపు దూరాడు. మునిగేవాళ్లు కేకలు పెట్టరు. నోరు నీటి మట్టానికి తేలుతూ, అణుగుతూ ఉంటుంది. చేతులు కనపడని నిచ్చెన ఎక్కుతున్నట్టు కదులుతాయి. పక్కనే ఇద్దరు ఆడపిల్లలు బంతి విసురుకుంటూ నవ్వుకుంటున్నారు, వాళ్లకూ తెలియలేదు. పిన్ని ఈల ఊదుతూనే దూకింది. పిల్లాణ్ణి వెనక నుంచి చంకల కింద పట్టి, వీపు గొట్టానికి ఆనించి ఒడ్డుకు తెచ్చింది. వాడు దగ్గి, కక్కి, ఆమె మెడ పట్టుకుని వదల్లేదు. గుండె చప్పుడు ఆమె భుజానికి తెలుస్తోంది.

తండ్రి అప్పుడు వచ్చాడు, తువ్వాలు కూడా తేకుండా. రెండు గుక్కలు తాగినదానికి ఇంత హడావుడి ఎందుకన్నాడు. పిన్ని, మీరెక్కడున్నారని అడిగింది.

"ఎక్కడుంటానమ్మా, ఇక్కడే ఉన్నాను. మీరున్నారు కదా అని వదిలాను."

"నేనున్నది మీరు లేకుండా పోవడానికి కాదు" అంది పిన్ని. పిల్లాణ్ణి అతని చేతుల్లో పెట్టింది. తడి ఒళ్లు తగిలితే చొక్కా పాడవుతుందని అతను వాణ్ణి కాస్త ఎడంగా పట్టుకున్నాడు. అది చూసేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

సాయంత్రంలోగా మేనేజరు పిలిపించాడు. పిల్లాడి ఊసు ఎత్తలేదు. సభ్యులతో కాస్త మెత్తగా మాట్లాడాలని, ఆయన చాలా నొచ్చుకున్నాడని చెప్పాడు. పిన్ని తడి బట్టలతో నిలబడి విన్నది. కొన్ని చోట్ల నోరు విప్పితే మరీ చవకైపోతాం.

తర్వాతి కాపలా పెద్దాయనది. అందరికీ ఆయన పెద్దాయనే. మోకాళ్ల నొప్పులతో కొలను చుట్టూ నిదానంగా తిరిగి, తలలు చూసుకుని, గొట్టం భుజాన వేసుకున్నాడు.

"నీళ్లు నావి" అన్నాడు. ఆ తర్వాతే మామూలు మనిషై, "ప్రయాణం ఖాయమైందా? సముద్రం ఎలా ఉంటుందట?" అని అడిగాడు.

పిన్ని దిబ్బ గురించి చెప్పింది. పొద్దున గాలి లేవకముందు నీళ్లు అద్దంలా ఉంటాయని చెప్పింది. ఆయన కళ్లు కొలను మీంచి తియ్యకుండానే విని, "బాగుంది. మరి అక్కడ నీళ్లు ఎవరికి అప్పగించి దిగుతావు?" అన్నాడు.

ఆయన ఊరికే అడిగాడు. బస్సెక్కాక కూడా ఆ మాట ఆమెను వదల్లేదు. ఆ పిల్లాడి తండ్రి మీద కోపం ఇంకా చల్లారలేదు. మీరున్నారు కదా, మీరున్నారు కదా అని మనసులో అతన్ని వెక్కిరిస్తూ ఉంది. ఇంటి మలుపు దగ్గరికి వచ్చేసరికి వెక్కిరింపు గొంతు అతనిది కాకుండా పోయింది. అది అక్క గొంతు. గాల్లో తిరిగే ఆ చెయ్యి కూడా అక్కదే.

*

మర్నాడు అక్క గది నిండా బట్టలు పరుచుకుని కూర్చుంది. వెడల్పాటి అంచున్న టోపీ పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ చూసుకుంటోంది. పిన్ని మంచం అంచున కూర్చుని పిల్లల చొక్కాలు చుట్టచుట్టి పెట్టెలో సర్దసాగింది. మడతపెడితే చోటు చాలదు, చుడితే చాలా పడతాయి. టోపీ బాగుందా అని అక్క అడిగితే, బాగుందని చెప్పింది. అక్కకు నిజంగానే బాగుంది.

"అక్కా, పొద్దున పూటలు నాకు వదిలెయ్యి" అంది.

అక్క అర్థం కాలేదన్నట్టు చూసింది. పిన్ని దిబ్బ సంగతి చెప్పింది. తను వెళ్లి వచ్చేదాకా పిల్లల్ని వాళ్లు చూసుకోవాలనీ, పడవ రోజూ భోజనం సాయంత్రమూ తనకేం ఇబ్బంది లేదనీ, అడిగేది ఆ పొద్దున పూటలేననీ చెప్పింది. చెబుతూ ఉంటే తన గొంతే తనకు నచ్చలేదు. సెలవు చీటీ పట్టుకుని మేనేజరు ముందు నిలబడ్డట్టుంది.

అక్క టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "వదిలెయ్యడమేంటే? నిన్నెవరు కట్టేశారు?"

"కట్టేశారని కాదు."

"పిల్లలు నీకు బరువయ్యారన్నమాట." అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నటన కాదు, అక్క నిజంగానే బాధపడింది. "వాళ్లు నీ పిల్లలే అనుకున్నాను. నువ్వూ అలాగే అనుకుంటున్నావనుకున్నా."

ఇంత అన్యాయమైన మాటకు జవాబు ఎక్కడ దొరుకుతుంది? కాదంటే పిల్లల మీద ప్రేమ లేనట్టు, ఔనంటే పొద్దున పూటలు పోయినట్టు. బుడ్డోడికి జ్వరమొస్తే పక్కన కూర్చున్నదెవరు, పెద్దదానికి చీకటంటే భయం పోగొట్టిందెవరు? ఆ చేసినవన్నీ ఒక్కటిగా పేని తన కాలికే కట్టేస్తోంది అక్క. కట్టేవాళ్లకు కట్టినట్టు కూడా తెలియకపోవడం ఇంకా కడుపు మండించే సంగతి. తెలిసి చేసినవాళ్లతోనైతే దెబ్బలాడవచ్చు.

పిన్ని ఏమందో తెలుసా? "సారీ అక్కా" అంది. మిగిలిన చొక్కాలు చుట్టేసింది. అక్క ముక్కు తుడుచుకుని, పోనీలే అని క్షమించేసింది కూడా. వంటింట్లోకి వెళ్లాక పిన్ని నీళ్ల గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగకుండా నిలబడింది. తను సారీ ఎందుకు చెప్పినట్టు? అడగరానిది ఏం అడిగింది? తన మీద తనకే ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

పెద్దది వచ్చి నడుము చుట్టూ చేతులు వేసింది. "పిన్నీ, నువ్వు ఈత కొడుతుంటే నేనెప్పుడూ చూడలేదు. నీకు నిజంగా వచ్చా?" అని అడిగింది.

"రేపు చూద్దువుగాని" అంది పిన్ని.

*

ఆదివారం పొద్దున్నే, జనానికి తలుపులు తెరవకముందు, కొలను సిబ్బంది కుటుంబాలది. ఆ వేళకు కాపలా ఉండదు, ఎవరి పిల్లల్ని వాళ్లే చూసుకోవాలని గోడ మీద రాసే ఉంది. సముద్రానికి ముందు పిల్లలకు కాస్త నీళ్లు అలవాటు చేద్దామని పిన్నే అందరినీ రమ్మంది. బావ కూడా ఈత లాగు వేసుకుని వచ్చాడు. కాలేజీ రోజుల్లో ఈతలో కప్పు గెలిచానని ఆయన చెప్పని చుట్టం లేడు. వచ్చినవాడు వచ్చినట్టే బెంచీ మీద కూర్చుని ఫోను తీశాడు. అక్క పక్కన సంచీ పెట్టుకుని, కొత్త టోపీ పెట్టుకుంది.

ఇంకెవరూ రాలేదు. నీళ్లు కదలకుండా ఉన్నాయి, అడుగున గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పిన్ని పిల్లల చేత ఒళ్లు కడిగించి, లోతు తక్కువ వైపు గట్టు మీద కూర్చోబెట్టింది. కాళ్లు నీళ్లలో పెట్టుకోవచ్చు, దిగడానికి లేదంది. వాళ్లకు పద్ధతి తెలుసు. బుద్ధిగా కూర్చుని కాళ్లు ఆడిస్తున్నారు. తర్వాత ఆమె గోడకు వేలాడుతున్న ఎర్ర గొట్టం తీసుకుని బెంచీ దగ్గరికి వచ్చింది. కళ్లు మాత్రం పిల్లల మీదే ఉన్నాయి.

"బావా, నేను లోతు వైపు ఈదడానికి వెళ్తున్నాను. నీళ్లు మీవి."

"సరే, వెళ్లు" అన్నాడు బావ ఫోన్లోంచి తల ఎత్తకుండా.

పిన్ని కదల్లేదు. గొట్టం ఆయన ముందుకు చాచి అలాగే నిలబడింది. కాసేపటికి నేల మీద ఆమె నీడ ఇంకా ఉన్నట్టు తోచి బావ తలెత్తాడు. సరే అన్నాను కదా అన్నాడు. నవ్వి, మరదలు డ్యూటీ ఎక్కినట్టుందని అక్కతో అన్నాడు. పిన్ని నవ్వలేదు. ఆమె అటు తిరిగి ఆయన వైపు చూడను కూడా లేదు.

"పిన్నీ, దిగొచ్చా?" అని గట్టు మీంచి అరిచాడు బుడ్డోడు.

"అప్పుడే కాదు. నీళ్లు ఇంకా మీ నాన్న తీసుకోలేదు."

"నాన్నా, సరే అంటే కాదు" అంది పెద్దది. తండ్రికి తెలియని సంగతి తనకు తెలిసినందుకు మహా హుషారుగా ఉంది. "నీళ్లు నావి అనాలి. చుట్టూ నడిచి చూసుకుని అనాలి."

అక్కకు చిరాకేసింది. ఇంత చిన్నదానికి పంతమేమిటని, పొద్దున్నే ఈ తమాషా ఏమిటని గొణిగింది. బావ ఫోను బెంచీ మీద పెట్టాడు, మళ్లీ తీసి అక్క సంచిలో వేశాడు. ఎర్ర గొట్టం అందుకుని, దాన్ని భుజానికి ఎలా తగిలించుకోవాలో తెలియక పట్టీని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదంతా అక్కడ కూడానా?" అన్నాడు. గొంతులో ఇంకా కొంత వేళాకోళం మిగిలే ఉంది.

"అక్కడా ఇంతే. రోజూ పొద్దున నీళ్లు మీవి, నేను తిరిగొచ్చేదాకా. కాదంటే హోటల్‌కి ఫోన్ చేసి ఆయాని అడగండి బావా. ఆ ఒకరు రావడం లేదని చెప్పండి."

గొంతు పెంచలేదు. బావ మొహంలో వేళాకోళం పోయింది. ఆయన అక్క వైపు చూశాడు. అక్క ఏదో అనబోయి నోరు తెరిచింది. ఆరోజు బావ ఫోన్లో ఒకరు వస్తున్నారని అన్నప్పుడు తనూ అదే బల్ల దగ్గర ఉంది. టోపీ అంచు కిందికి లాక్కుని పిల్లల వైపు తిరిగింది. చెల్లెలు తమతో రాకుండా ఆగిపోతే ఆ పొద్దున పూటలు ఎలా ఉంటాయో బహుశా అప్పుడే మొదటిసారి ఊహించుకుంది.

బావ కొలను చుట్టూ నడిచాడు. తడి పలకల మీద జారకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ, పిల్లల తలలు రెండే అయినా రెండూ చూసుకుని, మెట్ల మీంచి నడుము లోతు నీళ్లలోకి దిగాడు. చల్లదనానికి భుజాలు పైకి ఎగరేశాడు.

"నీళ్లు నావి" అన్నాడు.

పిన్ని అప్పుడు చూపు తిప్పింది.

లోతు చివర నిలబడి, చేతులు చెవులకు ఆనించి దూకింది. చెవుల్లో చప్పుళ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మొదటి వరస సగందాకా అలవాటు కొద్దీ తల ఎత్తి గట్టు వైపు చూస్తూనే ఉంది, పెద్దది తాడు దాటలేదు కదా, బుడ్డోడి కళ్లజోడు జారలేదు కదా అని. గోడ తాకి తిరిగేటప్పుడు బావ కనిపించాడు. ఆయన బుడ్డోడి పొట్ట కింద చెయ్యి పెట్టి తేలిస్తూ, ఇంకో కంట పెద్దదాన్ని కనిపెడుతున్నాడు. ఇక తల ఎత్తలేదు. చేతులు చాచింది. ఒక్కో బారకూ ఒళ్లు పొడవవుతున్నట్టుంది. ఎన్నాళ్లుగానో బిగించి పెట్టుకున్న కళ్లు అడుగున నల్ల గీత తప్ప ఏమీ చూడనక్కర్లేక హాయిగా ఉన్నాయి. నీళ్లలో కన్నీళ్లు ఎవరికీ కనిపించవు కనుక వాటిని ఆపుకునే పని కూడా లేకపోయింది.

పెద్దది గట్టు మీద నిలబడి, "అమ్మా, పిన్నిని చూడు" అంటోంది. అక్క చూసింది. చాలాసేపు చూసింది.

ఎన్ని వరసలు తిరిగిందో ఆమె లెక్కపెట్టుకోలేదు. బావకు మాత్రం ఈలోగానే అలుపొచ్చింది. బుడ్డోడు మెడ ఎక్కి దిగడం లేదు, పెద్దది ఇంకోసారి తేలించమంటోంది, కళ్లలోకి నీళ్లు చిమ్ముతున్నాయి, మొహం తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పిన్ని లోతు వైపు గోడ దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగడం చూసి ప్రాణం లేచొచ్చింది. ఎర్ర గొట్టాన్ని పైకెత్తి ఆడించాడు.

"చేపపిల్లా, నీళ్లు నీవి" అని కేకేశాడు.

కొలనంతా వినబడింది. పిన్నికీ వినబడింది. జుట్టు మీంచి నీళ్లు కారుతుండగా ఆయన వైపు చూసింది, పిల్లల్నిద్దర్నీ చూసింది. ఏమీ అనలేదు. నుదుటి మీది కళ్లజోడు కిందికి దించుకుని, రెండు పాదాలూ గోడకు ఆనించి తన్నింది.

బావ గొట్టం ఎత్తిన చేత్తో అలాగే నిలబడ్డాడు. "వినబడలేదేమో" అన్నాడు.

"వినబడింది నాన్నా" అంది పెద్దది. "నావి అనలేదు. ఇంకా నీవే."